ఓట్లయినంక చూద్దాం

కారు ఊరి మలుపు తిరుగుతుండగా జగదీశ్ మళ్లీ అదే పాఠం మొదలుపెట్టాడు.

"పెంటయ్య కాక ఇంటికాడ బొందలగడ్డ ముచ్చట నువ్వు తియ్యకు. ఆయనే తీస్తె 'రైతులకు నష్టం కానియ్య' అను. అంతే. ఇంకో మాట ఒద్దు."

"మరి వాడల అడిగితే?"

"వాడల 'గెల్చినంక మొదటి పని అదే' అను. ఏడ, ఎప్పుడు అంటే నా దిక్కు చూడు. నేను చెప్త."

మాధవీలత తలూపింది. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో రాళ్లకుంట సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వు అయింది. నామినేషన్ కాగితం మీద సంతకం ఆమెది. కరపత్రంలో ఉంగరం గుర్తు పక్కన నవ్వుతున్న ముఖం ఆమెది. మాటలు మాత్రం భర్త జగదీశ్‌వి. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన నాటి నుంచి అతను భూముల బేరాలు చేస్తున్నాడు. ఎవరి దగ్గర ఏ మాట ఎంతవరకు అనాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆమె కూడా ఒప్పుకుంది.

పెంటయ్య ఇంటి అరుగు మీద రైతులు అప్పటికే చేరి ఉన్నారు. నాట్ల కాలం. పిక్కలకు అంటిన బురద ఇంకా ఆరలేదు. పెంటయ్య కోడలు మాధవీలత నుదుట బొట్టు పెట్టి, పీట వేసింది. చాయలు వచ్చాయి. వానల గురించి, కరెంటు గురించి కాసేపు మాట్లాడుకున్నాక ఐలయ్య అనే రైతు గొంతు సవరించుకున్నాడు.

"కట్ట అవతలి సర్కారు జాగల కిరస్తానపోళ్లకు బొందలగడ్డ ఇస్తరని అంటుర్రు. పొలాల పక్కన పీనుగుల పెడితే నాట్లేసెటోళ్లు గా దిక్కు వస్తరా అమ్మా? పొద్దుగూకినంక నీళ్లు కట్టనీకి ఎవడు పోతడు?"

అందరూ ఆమె వైపు చూశారు. పెంటయ్య మాత్రం చాయ కప్పులోకి చూస్తున్నాడు.

"రైతులకు నష్టం కానియ్య," అంది మాధవీలత.

తలలు ఊగాయి. ఐలయ్య చేతులు జోడించాడు. ఒక్క మాటకు ఇంత పని జరుగుతుందని ఆమె అనుకోలేదు. జగదీశ్ లేచి నిలబడి, ఇక వెళ్దామన్నట్టు తువ్వాల భుజాన వేసుకున్నాడు.

అక్కడి నుంచి క్రైస్తవుల వాడకు కారు అక్కర్లేదు, నడక చాలు. రేకుల ప్రార్థన మందిరం ముందు చాపలు పరిచారు. సంఘ పెద్ద జయశీలన్ కాటేదాన్‌లో బిస్కెట్ల కంపెనీకి వెళ్లి వచ్చి, అదే చొక్కాతో నిలబడి ఉన్నాడు. ముందుగా ఆయనే సంగతి ఎత్తాడు. పాత సమాధుల తోట రోడ్డు వెడల్పులో పోయింది. అప్పటి నుంచి పీనుగును లారీలో పట్నం తీసుకుపోయి అక్కడి సమాధుల తోటలో పెడుతున్నారు. మొన్న ఎండాకాలంలో ఆ తోట కమిటీవాళ్లు కూడా చెప్పేశారు, బయటి ఊళ్ల వాళ్లకు ఇక జాగ లేదని.

"ఆఫీసుల అడిగినం. సర్కారు జాగ ఉన్నది, ఊరోళ్లు అభ్యంతరం లేదంటే ఇస్తం అన్నరు. ఊరు అంటే సర్పంచే గద అమ్మా."

"గెల్చినంక మొదటి పని అదే," అంది మాధవీలత.

చప్పట్లు కొట్టారు. గోడవారన నులక మంచం మీద పడుకున్న రాహేలమ్మ మాత్రం మోచేతి మీద కొంచెం లేచింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి ఆమె. మాధవీలత కూతురికి గోరుముద్దలు తినిపించి పెంచింది కూడా ఆమే. ఇప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ నరాలు బయటికి వస్తున్నాయి.

"గెల్చినంక అంటె ఎప్పుడు బిడ్డా?" అంది. "నాకు గంత టైం లేదు."

అందరూ నవ్వారు. రాహేలమ్మ కూడా నవ్వింది. మాధవీలత జగదీశ్ వైపు చూసింది. అతను ముందుకు వచ్చి ముసలామె చెయ్యి పట్టుకుని, "నువ్వు నూరేండ్లు ఉంటవ్ అవ్వా," అన్నాడు. మళ్లీ చప్పట్లు.

మర్నాడు తెల్లవారుజామున రాహేలమ్మ చనిపోయింది.

కబురు వచ్చేసరికి మాధవీలత ఇంట్లో ప్రచారానికి వెళ్లే ఆడవాళ్లకు ఉప్మా వడ్డిస్తోంది. గరిటె అక్కడే పెట్టి బయలుదేరబోతే జగదీశ్ గుమ్మంలో ఆపాడు.

"పో. పోవాలె గూడ. కూసో, ఏడువు, దండ వెయ్యి. జాగ సంగతి మాత్రం ఎత్తకు."

"వాళ్లు అడుగుతరు గద."

"అడిగితే ఓట్లయినంక చూద్దాం అను. ఇంక నాలుగు దినాలే. అందాక దవాఖాన మార్చురీల పెట్టుకొమ్మను. బండి నేను పంపిస్త. జయశీలన్‌కు ఫోన్‌ల గదే చెప్పిన. గోవర్ధన్ గూడ గదే చెప్పిండట."

గోవర్ధన్ ఎదుటి అభ్యర్థి సత్తెమ్మ కొడుకు. కత్తెర గుర్తు వాళ్లది. ఊళ్లో ఇద్దరికీ ఏ విషయంలోనూ పడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

"వాడ ఓట్లు ఏడికి పోతయ్?" అన్నాడు జగదీశ్, గొంతు తగ్గించి. "సత్తెమ్మ గూడ ఏం ఇయ్యలే. రైతుల ఓట్లు జారితే మల్ల దొరకయ్. గది యాది పెట్టుకో."

రాహేలమ్మ ఇంట్లో అద్దె ఐసు పెట్టె సన్నగా మోత చేస్తోంది. కరెంటు పోతుందేమోనని ఎవరో పక్కింటి నుంచి ఇంకో వైరు లాగుతున్నారు. పెట్టె తలవైపు రాహేలమ్మ కూతురు సునీల కూర్చుంది. ఎయిర్‌పోర్టులో అద్దాలు తుడిచే పని ఆమెది. డ్యూటీ మధ్యలో లేచి వచ్చినట్టుంది, నీలం యూనిఫాం మీదనే ఉంది, మెడలో ఐడీ కార్డు కూడా తియ్యలేదు. ఏడవడం లేదు. పెట్టె అద్దం మీద లోపలి నుంచి పడుతున్న చెమ్మను బయటి నుంచి అరచేత్తో తుడుస్తోంది. పోవడం లేదు. మళ్లీ తుడుస్తోంది.

మాధవీలత దండ వేసి పక్కన కూర్చుంది.

"ఏడ పెట్టాలె అక్కా మా అమ్మను?" అంది సునీల, తల తిప్పకుండానే.

నేర్చుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. ఓట్లయినంక. ఐసు పెట్టె పక్కన కూర్చుని ఆ మాట అనడం ఆమె వల్ల కాలేదు.

"ఆయనను అడిగి చెప్త."

సునీల చెయ్యి అద్దం మీద ఆగింది. ఇప్పుడు ఆమె ముఖం తిప్పి చూసింది.

"నిలబడ్డది నువ్వా, ఆయనా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. మాధవీలత లేచి బయటికి వచ్చింది. కారు డ్రైవర్ తలుపు తీశాడు. "నువ్వు పో," అని కుంట కట్ట వైపు నడిచింది.

కట్ట అవతల సర్కారు జాగ ఆమె దూరం నుంచి చూసిందే గాని దగ్గరికి ఎన్నడూ పోలేదు. తుమ్మ చెట్లు, ఎర్ర మొరం, మేకలు తిరిగిన బాట. ఒక పక్క పెంటయ్య పొలం. ఆయన మడిలో వంగి నారు కట్టలు విసురుతున్నాడు. ఆమెను చూసి నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, ఒక్కదానివే వచ్చినవ్?"

"రాహేలమ్మ చచ్చిపోయింది కాకా."

"ఇన్న. మంచి మనిషి." గట్టు మీదికి ఎక్కి చేతులు కడుక్కున్నాడు.

"ఈడ పెడితే నీకు నిజంగ నష్టమా?"

ఒక విమానం చక్రాలు దించుకుని తలల మీదుగా గగన్‌పహాడ్ వైపు నుంచి దిగిపోయింది. ఆ చప్పుడు అణిగేదాకా పెంటయ్య ఆగాడు.

"నన్నెందుకు అడుగుతవ్? మీ ఇంట్ల అడుగు." అవతలి పక్కకు గడ్డం ఎత్తి చూపించాడు.

తుమ్మల వెనక వరసగా తెల్ల సున్నం వేసిన హద్దురాళ్లు. మధ్యలో ఎర్రమట్టి రోడ్లు, ఇంకా ఏమీ రాయని బోర్డు. జగదీశ్ కొత్త వెంచర్ ఎక్కడో కట్ట దగ్గర అని ఆమెకు తెలుసు. ఇక్కడని తెలియదు.

"బొందలగడ్డ వస్తె ప్లాట్లు ఎవలు కొంటరు?" అన్నాడు పెంటయ్య. "మొన్న వచ్చి నాకు చెప్పిండు, 'కాకా, నువ్వు లొల్లి పెట్టు, నేను ఎనుక ఉంట' అని. నేను ఐలయ్యకు చెప్పిన. ఐలయ్య మందికి చెప్పిండు. వాడు నిజంగనే భయపడుతుండు పాపం. నాకేం భయం? మా నాయనను గీ పొలంలనే పెట్టిన."

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్?"

పెంటయ్య కాలి బొటనవేలితో గట్టును తట్టాడు. గట్టు ఉండాల్సిన చోట లేదని అప్పుడు ఆమెకు అర్థమైంది. పొలం సర్కారు జాగలోకి కొంత జరిగి ఉంది. అక్కడ కూడా పచ్చగా నారు నిలబడి ఉంది.

"సర్వేకు వస్తే గిది పోతది. ఏండ్ల సంది దున్నుకుంటున్న. నా గట్టు జోలికి రానంటే, వాళ్లు ఆ మూలకు వంద మందిని పెట్టుకున్నా నాకు పరవాలే."

మాధవీలత గట్టును చూసింది, హద్దురాళ్లను చూసింది. ఇన్ని రోజులుగా ఇంటింటికీ తిరిగి ఆమె అన్న మాటలన్నీ ఇంకొకరు నూరిపోసినవి. ఇప్పుడు అనబోయే మాట మొదటిసారి తనది. అది కూడా తిన్ననైన మాటేమీ కాదు.

"ఈ పంట ఇంటికి వచ్చేదాక నీ గట్టు జోలికి నేను రాను," అంది. "ఆ తర్వాత సర్వేవాళ్లు వస్తే అడ్డం పడ. నీకు ఇష్టమైతేనే."

పెంటయ్య లెక్క వేసుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేశాడు. "సరే. పీనుగుకు అడ్డం రాను. ఓటు సంగతి మాత్రం అడగకు."

"అడగలే."

ఇంటికి వెళ్లేసరికి జగదీశ్ ముందు గదిలో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆమె కాళ్లకు ఎర్రమట్టి చూసి ఫోన్ పెట్టేశాడు.

"రేపు పొద్దున రాహేలమ్మను కట్ట అవతల పెడుతుర్రు. జయశీలన్‌కు చెప్పి వచ్చిన."

"ఎవరిని అడిగి చెప్పినవ్?"

"నిలబడ్డది నేను గద."

అతను కుర్చీలోంచి లేచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు. టేబుల్ మీది కరపత్రాల కట్టను లాగి అంచులు సరిచేశాడు.

"నేనేమన్న అబద్ధం చెప్పించిన్నా నీతోని? రైతులకు నష్టం కానియ్య అన్నవ్. వాడకు జాగ ఇప్పిస్త అన్నవ్. రెండూ మంచి మాటలే. రెండూ నిజాలే."

"రెండు నిజాల నడుమ ఒక పీనుగు ఉన్నది."

"నాలుగు దినాలు మాధవీ! నాలుగు దినాలు ఆగితే నువ్వు సర్పంచివి. అప్పుడు తియ్యి ఏడ తీస్తవో."

"నీ రాళ్ల పక్కన తియ్యనిస్తవా అప్పుడు?"

జగదీశ్ ఆమెను చూశాడు. తెలిసిపోయిందని అతనికి తెలిసింది.

"గా ప్లాట్లు ఎవరి కోసం వేసిన?" అన్నాడు. "నీ కోసం కాదా? పోరి కోసం కాదా?"

ఆ మాట ఆమెకు తగిలింది. ఎందుకంటే అది కూడా నిజమే. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. చెంబు రెండుసార్లు జారింది.

పొద్దున్నే సన్నగా ముసురు. వాడ మగవాళ్లు గడ్డపారలతో ముందే వెళ్లారు. పై మట్టి వానకు మెత్తబడి సులువుగా వచ్చిందట, కింద మొరం మాత్రం గట్టిగా తగులుతోందట. శవపెట్టెను భుజాల మీద ఎత్తుకుని జయశీలన్ వాళ్లు కట్ట ఎక్కారు. వెనక పాడుకుంటూ ఆడవాళ్లు. సునీల యూనిఫాం తీసి తెల్ల చీర కట్టుకుంది. మాధవీలత ఆమె పక్కన నడిచింది. జగదీశ్ రాలేదు.

కట్ట దిగే చోట ఐలయ్య, మరి కొంతమంది రైతులు బాటకు అడ్డంగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో పారలు. పొలానికి పోతూ తెచ్చినవా, ఇందుకే తెచ్చినవా చెప్పలేం. పక్కన చింత కింద గోవర్ధన్ మనుషులు ఇద్దరు, మోటారు సైకిల్ మీద కూర్చుని, ఫోన్‌లో ఎవరికో ఎప్పటికప్పుడు చెబుతున్నారు.

పాట ఆగిపోయింది.

"మొన్న మా ముంగట ఏమన్నవ్ అమ్మా?" అన్నాడు ఐలయ్య. అతని గొంతు బొంగురుపోయింది. "నష్టం కానియ్య అన్నవా లేదా? మేం చేతులు జోడించినం గద."

"అన్న."

"మరి గిదేంది?"

జగదీశ్ అయితే ఈ క్షణంలో ఏదో ఒక మాట తీసేవాడు, అందరికీ సరిపోయే మాట. ఆమె వెతికింది. దొరకలేదు.

"నీతోని ఒకటి అన్న, వాళ్లతోని ఒకటి అన్న," అంది. "రెండు దిక్కులా ఓట్లు కావాలని అన్న. తప్పే. పొలం నీది, భయం నీది, కాదంట లేను. కాని ఈమెను పెట్టనీకి ఇంకో జాగ లేదు ఐలయ్యన్నా. ఉంటే నువ్వు చూపెట్టు, గాడికే తీసుకపోతం."

"ఇగ నీకు మా దిక్కు ఒక్క ఓటు పడది!"

"పడకుంటె పడకపాయె."

ఒకడు పార కర్రను నేలకు కొట్టాడు. పెట్టె మోస్తున్నవాళ్లలో ఒక కుర్రవాడి భుజం జారి పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు కేక పెట్టారు. సునీల చప్పున ముందుకు వెళ్లి ఆ మూల కింద తన భుజం పెట్టింది. ఎవరూ కదల్లేదు. ముసురు రైతుల ముఖాల మీద, పెట్టె మీద ఒకేలా పడుతోంది.

అప్పుడు మడిలోంచి పెంటయ్య గట్టు మీదికి వచ్చాడు. తన పొలానికి అడ్డంగా వేసిన తుమ్మ కంపను రెండు చేతులా లాగి పక్కకు పడేశాడు. తన గట్టు మీదుగా దారి ఇచ్చాడు.

ఐలయ్య ఆయనను చూసి నిర్ఘాంతపోయాడు. "కాకా, నువ్వే గద..."

"చెప్పిన. ఇప్పుడు వాన పడుతుంది. భుజాలు నొస్తయ్ వాళ్లకు. జరుగు."

ఐలయ్య జరగలేదు. కాని గట్టు మీదుగా వెళ్తున్నవాళ్లకు అడ్డమూ రాలేదు. గొయ్యి దగ్గర జయశీలన్ బైబిల్ వాక్యం చదివాడు. పిడికెడు మట్టి వేసినప్పుడు మాధవీలత వేళ్లకు ఎర్రగా అంటుకుంది. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి మోటారు సైకిల్ మీది మనుషులు వెళ్లిపోయి ఉన్నారు.

సాయంత్రానికే సత్తెమ్మ వాడకు వచ్చింది. కొడుకు గోవర్ధన్ పక్కన. రాహేలమ్మ ఇంటి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుని, "ఉత్త గొయ్యి తీసి పెడితే మర్యాదనా? మేకలు తిరుగుతయ్, కుక్కలు తిరుగుతయ్. నేను గెలిస్తే సుట్టు గోడ కట్టిస్త, గేటు పెట్టిస్త," అంది. అక్కడి నుంచి తిన్నగా ఐలయ్య ఇంటికి వెళ్లింది. "నేనైతే పెట్టనియ్యకపోదును. ఇగ పెట్టిండ్రు, తవ్వి తీస్తమా? ఎత్తుగ గోడ కడితే మీ పొలాల దిక్కు కనవడది, రాదు," అంది. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఇంకో దారి లేదు.

ఆ మాట విన్న జగదీశ్ కోపం కూడా మరిచిపోయాడు.

"సూసినవా? గోడ అన్నది! వాడకు మర్యాద, రైతులకు అడ్డం. ఒక్క మాటతోని రెండు దిక్కులా కొట్టింది." చెప్పులు తొడుక్కుంటూ లేచాడు. "ఇంకా ప్రచారానికి టైం ఉన్నది. మనం గోడ, గేటు, బోరు, లైట్లు అందాం. నడువు."

"పంచాయతిల పైసలు ఎన్ని ఉన్నయో నీకు తెలుసా?"

"గెల్చినంక తెలుస్తది."

"తెల్సినంక చెప్త."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె రాలేదు. ఒక్కడే వెళ్లలేడు. ముఖం ఆమెది.

పోలింగ్ నాడు బడి దగ్గర వరస పొద్దుటి నుంచే సాగింది. మధ్యాహ్నం దాటాక లెక్కింపు మొదలైంది. మొదట ఉంగరం ముందుంది, తర్వాత కత్తెర సమానంగా వచ్చింది, చివరి పెట్టెలో కత్తెర కొంచెం ముందుకు పోయింది. కొంచెమే. ఏజెంటు చెప్పిన సంఖ్య మాధవీలత విన్నది కాని చెవిలో నిలవలేదు. బయట టపాకాయలు పేలాయి. జగదీశ్ గోవర్ధన్‌తో చెయ్యి కలిపి, భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడడం ఆమె కిటికీలోంచి చూసింది. అప్పటికే ఇంకో బేరం.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మిగిలిన కరపత్రాలను మూటగడుతుంటే సునీల వచ్చింది. పొద్దుటి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, నీలం యూనిఫాంలో. గుమ్మం బయటే నిలబడింది.

"లోపలికి రా."

"ఒక మాట చెప్పి పోత అక్కా. తర్వాత ఎవరో చెప్తే నీకు బాధ అయితది."

మాధవీలత చేతిలో దారం అలాగే పట్టుకుంది.

"మా వాడోళ్లు ఎక్కువ కత్తెరకే వేసిండ్రు. ప్రార్థన అయినంక కూసోని మాట్లాడుకున్నం. నేను గూడ కత్తెరకే వేసిన."

బయట ఎవరో మేకలను అదిలిస్తున్నారు. మాధవీలతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కట్ట మీద పారలు, ఐలయ్య బొంగురు గొంతు, ఒరిగిన పెట్టె, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు ఆడాయి.

"ఎందుకు?"

"నువ్వు జాగ ఇచ్చినవ్. ఇచ్చినదాన్ని వాపస్ తీసుకునే మనిషివి కాదు నువ్వు, గది మాకు తెలిసింది. సత్తెమ్మ ఇంకా ఇయ్యాలె. ఓడిపోతే ఆమె ఇయ్యదు గద." సునీల కళ్లు దించలేదు. "మా అమ్మ పక్కన రేపు ఇంకొకలు వస్తరు. గోడ కావాలె అక్కా."

మాధవీలత చేతిలో దారం వేలికి చుట్టుకుని బిగిసి, వేలి కొస తెల్లబడింది. ఇన్ని రోజులు తనూ, జగదీశూ, సత్తెమ్మా ఎవరికి వారు కూర్చుని వాడ ఏమనుకుంటుందో, రైతులు ఏమనుకుంటారో లెక్కలు వేశారు. వాడ కూర్చుని తమ గురించి లెక్క వేస్తుందని ఎవరికీ తట్టలేదు.

"గెలిచింది గద. కట్టకపోతే?" అంది.

"కట్టకపోతే అడగనీకి నువ్వు ఉన్నవ్ గద," అంది సునీల. "ఆమెను మేము అడిగితే ఇనది. నువ్వు అడిగితే ఊరు ఇంటది."

మాధవీలత వేలి మీది దారం విప్పుకుంది. మూటను కాలితో పక్కకు జరిపి, చాప లాగి పరిచింది.

"కూసో," అంది. "గోడ ఎంత ఎత్తు కడత అన్నది సత్తెమ్మ? ఎవరెవరి ముంగట అన్నది? సక్కగ యాది చేసి చెప్పు."